మారిషస్ పంచదారతో అరిసెలు వండి చూశాను

మా నాన్న అనకాపల్లి బెల్లం మార్కెట్లో నలభై ఏళ్లు గుమాస్తా. దిమ్మని చేత్తో తట్టి, ఓ పలుకు విరిచి నాలిక మీద పెట్టుకుని, పాకం ఎక్కడ తప్పిందో చెప్పేసేవారు. ఆ విద్య నాకు పూర్తిగా రాలేదు గానీ కొంత అబ్బింది. ఇరవై రెండేళ్లుగా విశాఖలో ఆర్డర్ మీద పిండివంటలు చేస్తున్నాను. కొత్త తీపి సరుకు ఏది చేతికొచ్చినా ముందు పాకం పట్టి చూస్తాను.

మా అబ్బాయికి మారిషస్‌లో ఉద్యోగం. కిందటి ఏడాది అక్టోబరు చివర్లో వెళ్లి వాడి దగ్గర మూడు వారాలు ఉన్నాను. వచ్చేటప్పుడు అక్కడి సూపర్ మార్కెట్లో అరకేజీ పంచదార ప్యాకెట్లు ఆరు కొన్నాను. డెమరారా రెండు, లేత మస్కొవాడో రెండు, ముదురు మస్కొవాడో రెండు. మన డబ్బుల్లో లెక్కేస్తే మంచి అనకాపల్లి బెల్లానికి మూడు రెట్ల పైనే పడింది. ఈ మధ్య మన ఊళ్లల్లోనూ పెద్ద షాపుల్లో, ఆన్‌లైన్‌లో ఇలాంటి ప్యాకెట్లు కనబడుతున్నాయి, ‘ఆరోగ్యకరం’ అని జనం కొంటున్నారు. ఇది బెల్లం లాంటిదేనా, పిండివంటలకి పనికొస్తుందా అని నన్ను చాలామంది అడిగారు. అందుకే రాస్తున్నాను.

ముందు డెమరారా. పెద్ద పలుకు, తేనె రంగు, నోట్లో కరకరమంటుంది. ఫిల్టర్ కాఫీలో చాలా బాగుంది. పూర్ణం బూరెలకి వేస్తే మాత్రం తేడా ఏమీ తెలియలేదు, పంచదార పూర్ణం లాగే ఉంది. పలుకు పైన చెరుకు మడ్డి (మొలాసిస్) పొర పల్చగా ఉంటుంది, లోపలంతా పంచదారే. కాఫీకి తప్ప దీనికి అంత డబ్బు పెట్టక్కర్లేదు.

లేత మస్కొవాడో తడి ఇసుకలా ఉంటుంది. ప్యాకెట్ కత్తిరించగానే అప్పుడే దించిన బెల్లం పెనం దగ్గర నుంచున్నట్టు వాసన వచ్చింది. ఆ వాసనకి నాకు నాన్న గుర్తొచ్చారు. చిన్నప్పుడు గానుగ దగ్గరికి తీసుకెళ్తే, పెనం మీద తెట్టు తీస్తూ, సున్నం నీళ్లు వేస్తూ, బెండమొక్క జిగురు పోస్తూ రైతులు పడే కష్టం చూసేదాన్ని. పొయ్యిలోకి చెరుకు పిప్పి ఎగదోసే మనిషి ఒళ్లంతా మసి. ఆ రసం మొత్తం చిక్కబడి, అచ్చులో గట్టిపడితే మన దిమ్మ. మస్కొవాడో దారి వేరు. రసాన్ని మరిగించి పలుకు కట్టనిస్తారు, కానీ మడ్డిని పూర్తిగా విడదీయకుండా పలుకుకే అంటిపెట్టి ఉంచుతారు. అందుకే ముద్ద కట్టదు, పొడిగానూ ఉండదు. ఆ పేరు పోర్చుగీసు మాట నుంచి వచ్చింది. శుద్ధి చేయని తక్కువ రకం పంచదారని అలా పిలిచేవారు. ఒకప్పుడు తక్కువ రకం అన్నదే ఇప్పుడు ఎక్కువ ధర.

అరిసెలకి కేజీ తడిపిండి, ముప్పావు కేజీ ఈ లేత మస్కొవాడో తీసుకున్నాను. బెల్లంలా వడకట్టక్కర్లేదు, ఒక్క ఇసుక రేణువు లేదు. ఆ శుభ్రతకి పూర్తి మార్కులు. కానీ పాకం చాలా తొందరగా ముదిరిపోతుంది. బెల్లానికి అలవాటుపడిన చెయ్యి ఉండపాకం కోసం నీళ్లల్లో వేసి చూసేలోపే దాటిపోయింది. మొదటి వాయి గట్టిగా వచ్చింది. రెండో వాయికి ఉండ ఇంకా మెత్తగా, వేళ్ల మధ్య జారుతున్నప్పుడే దించాను. రంగు అద్భుతం, నూనెలో విచ్చిపోలేదు, నువ్వులు చక్కగా అంటుకున్నాయి. అయిదో రోజుకి మాత్రం అంచులు గట్టిపడ్డాయి. అనకాపల్లి బెల్లంతో చేస్తే పది రోజులైనా మెత్తగా ఉంటాయి. రుచి బాగుంది, కానీ బెల్లంలో ఉండే ఆ సన్నటి ఉప్పదనం లేదు. నా దృష్టిలో అరిసెకి ప్రాణం ఆ ఉప్పదనమే.

ముదురు మస్కొవాడో సంగతి తర్వాత చెబుతాను. ముందు ఈ ప్యాకెట్ గురించి మాట్లాడాలి.

ప్యాకెట్ మీద పచ్చటి చెరుకు తోట, వెనక నీలం కొండ, ఇంకా వెనక సముద్రం. అగ్నిపర్వతపు నేల, ఎండ, సముద్రపు గాలి కలిసి ఈ రుచినిచ్చాయని రాశారు. చెరుకు నరికిన మనిషి గురించి ఒక్క ముక్క లేదు. డెమరారా అన్న పేరు మరీ బాధపెట్టింది. డెమరారా మారిషస్‌లో లేదు. అది దక్షిణ అమెరికాలో ఇప్పటి గయానాలో ఒక నది, దాని చుట్టూ ఉన్న చెరుకు తోటల సీమ. 1823లో అక్కడ బానిసలు వేలమంది తిరగబడితే దారుణంగా అణచివేశారు. బానిసత్వం పోయాక 1838లో కలకత్తా నుంచి మన దేశపు కూలీలని రెండు ఓడల్లో తీసుకెళ్లింది కూడా అక్కడికే. ఇవాళ ఆ పేరు ఒక రకం పంచదారకి గుర్తయి కూర్చుంది. మారిషస్‌లో తయారైనా డెమరారాయే.

నేను వెళ్లిన నాలుగో రోజు మా అబ్బాయికి సెలవు. ఏం పండగరా అంటే ‘కూలీలు వచ్చిన రోజమ్మా’ అన్నాడు. 1834 నవంబరు 2న అట్లాస్ అనే ఓడ కలకత్తా నుంచి 36 మంది కూలీలతో పోర్ట్ లూయిస్ చేరింది. ఆ రోజుని దేశమంతా సెలవుగా జరుపుకుంటారు. అలాగే ఫిబ్రవరి 1 కూడా సెలవే, 1835లో ఆ రోజున అక్కడ బానిసత్వం రద్దయింది. ఈ రెండు తేదీల మధ్య మూడు నెలలు. బానిసలని వదలకముందే వాళ్ల బదులు మనుషులని వెతుక్కున్నారన్న మాట. పైగా బానిసల యజమానులకి బ్రిటిష్ ప్రభుత్వం నష్టపరిహారం ఇచ్చింది. విడుదలైన 60 వేల పైచిలుకు మందికి పైసా ఇవ్వలేదు, ఇంకా నాలుగేళ్ల దాకా అప్రెంటిస్ అన్న పేరుతో పనిచేయించుకున్నారు.

ఆ సెలవు రోజున పాంప్లెమూస్ దగ్గర బో ప్లాన్ అనే చోటికి వెళ్లాం. అక్కడి పంచదార మిల్లు 1999లో మూతపడింది. దాన్ని అలాగే ఉంచి మ్యూజియం చేశారు. పొగగొట్టం, గానుగ చక్రాలు, పెనాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. మా నాన్న చూసి ఉంటే ఒక్కో యంత్రం దగ్గర పది నిమిషాలు నుంచునేవారు. డచ్చివాళ్లు 1639లో జావా నుంచి చెరుకు తెచ్చిన దగ్గర నుంచి కథ మొదలవుతుంది. ఫ్రెంచివాళ్లు 1715లో వచ్చి మడగాస్కర్, మొజాంబిక్ నుంచి బానిసలని తెచ్చి తోటలు పెంచారు. 1810లో బ్రిటిష్‌వాళ్లు గెలుచుకున్నా ఫ్రెంచి దొరల భూములు, భాష, చట్టాలు జోలికి పోలేదు. 1825లో మారిషస్ పంచదార మీద సుంకం తగ్గించి వెస్టిండీస్ పంచదారతో సమానం చేశారు. అక్కడి నుంచి దీవంతా చెరుకే. 19వ శతాబ్దం మధ్యలో మిల్లులు 250 దాటాయి. ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని మిగిలాయి. ఇదంతా మ్యూజియంలో దాచకుండా చెప్పారు, బానిసల గురించి కూడా. చివర్లో చిన్న చిన్న చెంచాల్లో రకరకాల పంచదారలు రుచి చూపిస్తారు. బానిసల పేర్లూ వెలలూ చదివి వచ్చి ఆ చెంచా నోట్లో పెట్టుకోవడానికి నాకు కొంచెం సేపు పట్టింది. వెళ్లేవాళ్లు కనీసం మూడు గంటలు పెట్టుకోండి. పిల్లలు తీపి కోసం తొందరపెడతారు, కానీ ముందు పై అంతస్తుల్లో బోర్డులు చదివించండి.

దారిలో చెరుకు చేల మధ్య నల్లరాళ్ల గుట్టలు కనిపించాయి, చిన్న గోపురాల్లా పేర్చి. గుళ్లేమో అనుకున్నాను. కావట. అగ్నిపర్వతపు నేల కాబట్టి పొలం నిండా రాళ్లే. దున్నడానికి వీలుగా ఆ రాళ్లన్నీ ఏరి కూలీలు చేత్తో పేర్చినవి. ప్యాకెట్ మీద ‘అగ్నిపర్వతపు నేల’ అని గొప్పగా రాసింది దీని గురించే. ఆ గుట్టలని ఫొటో తీసి ప్యాకెట్ మీద వేసి ఉంటే నాకు తృప్తిగా ఉండేది.

పోర్ట్ లూయిస్ రేవులో ఆప్రవాసీ ఘాట్ ఉంది. 1849లో కట్టిన కూలీల డిపో. ఇంతకుముందు కూలీ ఘాట్ అనేవారు. 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఓడ దిగిన ప్రతి మనిషీ ఎక్కిన 16 రాతి మెట్లు అక్కడ ఉన్నాయి. 1834 నుంచి 1910 దాకా దాదాపు 4.5 లక్షల మంది ఆ దీవికి వచ్చారు. బీహారు వైపు వాళ్లు ఎక్కువ. మద్రాసు రేవు నుంచి అరవవాళ్లు, తెలుగువాళ్లు. మన విశాఖపట్నం, గంజాం, గోదావరి జిల్లాల నుంచి పోయినవాళ్లు ఉన్నారు. కాకినాడ పక్కన కోరంగి రేవు నుంచి ఓడలెక్కినవాళ్లూ ఉన్నారు. 1832–33లో డొక్కల కరువు, 1839లో కోరంగిని ముంచిన తుపాను. కోస్తాలో బతుకు అలా ఉన్న కాలం అది.

అయిదేళ్ల ఒప్పందం, నెలకి అయిదు రూపాయలు, బియ్యం, పప్పు, ఉప్పు. ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసేవారు. దాన్ని ‘డబుల్ కట్’ అనేవారట. ఒప్పందం తీరినవాళ్లు కూడా ఫొటో అంటించిన టికెట్ జేబులో లేకుండా రోడ్డెక్కితే జైలు. 1871లో అడోల్ఫ్ ద ప్లెవిట్జ్ అనే, తోట నడిపే ఒక దొర కూలీల తరఫున అర్జీ రాస్తే 9,401 మంది సంతకాలు చేశారు. దాని మీద లండన్ నుంచి విచారణ సంఘం వచ్చింది. ఆ సంఖ్య నేను డైరీలో రాసుకున్నాను. చదువు లేని మనుషులు, గుర్తు పెడితే దొర ఏం చేస్తాడో తెలియని మనుషులు, తొమ్మిది వేల మంది.

మోకా ఊళ్లో మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఆ కూలీల రిజిస్టర్లు ఉన్నాయి. ఒక్కొక్కరికీ ఒక నంబరు, తండ్రి పేరు, ఊరు, కులం, ఎత్తు, ఒంటి మీద మచ్చలు. గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా రాశాడు. తాత పేరే చాలామందికి ఇంటిపేరైపోయింది. అందుకే మన అప్పన్నలు, సన్యాసులు, వెంకటస్వాములు అక్కడ ఫ్రెంచి స్పెల్లింగుల్లో ఉంటారు. కళ్లతో చదివితే తెలియదు. పైకి చదివితే మన ఊరి పేరు వినబడుతుంది.

మా అబ్బాయి ఆఫీసులో పనిచేసే ఒకాయన వాళ్లమ్మగారు మమ్మల్ని భోజనానికి పిలిచారు. తెలుగువాళ్లు, అయిదో తరం. ఆవిడ వయసు డెబ్బై పైన. ఇంట్లో అందరూ క్రియోల్ మాట్లాడుకుంటున్నారు. ఆ భాష తోటల్లో పుట్టింది. ఒకరి భాష ఒకరికి రాని బానిసలు, ఫ్రెంచి దొరలు, వాళ్ల మధ్య అవసరం కోసం ఏర్పడి, తర్వాత వచ్చిన మన కూలీల పిల్లలకీ అమ్మ భాష అయింది. ఆవిడ తెలుగు కొంచెం బళ్లో, కొంచెం భజనల్లో నేర్చుకున్నదట. నన్ను ‘అక్కా’ అని పిలిచారు, నాకన్నా పెద్దావిడ. వరసలు కలిసిపోయినా పిలుపు మిగిలింది. నాకు కళ్లు తడిసాయి.

అరిటాకులో ఏడు కూరలు వడ్డించారు. అక్కడ అరవ, తెలుగు ఇళ్లల్లో పెళ్లికి, పూజకి అదే భోజనం. పేరు ఫ్రెంచిలో, ‘సెత్ కారీ’, ఏడు కూరలని అర్థం. వంటింట్లో ఆవిడ ‘కొతొమిలి’ అంటూ కొత్తిమీర కట్ట అందుకున్నారు. నేను ఆశ్చర్యపోయి చూస్తే ‘ఇది క్రియోల్ మాటే అక్కా, అందరూ అదే అంటారు’ అన్నారు. పక్కింట్లో ఉండే, ఆఫ్రికా మూలాలున్న ఆవిడ కూడా అదే అంటుంది. కరివేపాకుని ‘కారిపులే’ అంటారు. చెట్నీని ‘సతినీ’ అంటారు. చెరుకు కోసం తెచ్చిన మనుషులు కూరాకు పేర్లు ఆ దీవి మొత్తానికీ ఇచ్చిపోయారు.

దేవుడి గదిలో సింహాద్రి అప్పన్న పటం! మా ఇంటి నుంచి సింహాచలం ఎంత దూరమని? ‘మీరు అక్కడే ఉంటారా’ అని నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. అమ్మోరు పండగ చేస్తారు. ‘అమ్మోరు’ అనే అన్నారు, అమ్మవారు అనలేదు. అది మా ఉత్తరాంధ్ర మాట. హైదరాబాద్‌లో మా బంధువుల పిల్లలు కూడా ఆ మాట వాడటం మానేశారు. అనకాపల్లి నూకాలమ్మ జాతర ఉగాది ముందు కొత్త అమావాస్యకి మొదలవుతుందని చెబితే, ఉగాదికి మారిషస్‌లో దేశమంతా సెలవని ఆవిడ చెప్పారు. అది నిజమే, అక్కడ ఉగాది ప్రభుత్వ సెలవు.

ఒక మాట మాత్రం చెప్పాలి. మన వైపు నుంచి వెళ్లినవాళ్లు మారిషస్ గురించి రాస్తే మన గుళ్లు, మన పండగలు, మనవాళ్లు ఎంత ఎదిగారన్నదే రాస్తారు. దాని ముందు వందేళ్లకి పైగా ఆ చేలల్లో చచ్చిన ఆఫ్రికా మనుషుల గురించి రాయరు. వాళ్ల సెగా పాట బానిసల బతుకులోంచి వచ్చింది. మేకతోలు బిగించి మంట మీద కాచిన రావాన్ డప్పుతో పాడతారు. 2014లో యునెస్కో దాన్ని గుర్తించింది. నేను హోటల్ బీచిలో కూడా చూశాను, సాయంత్రం ఒక ఊరి తీరంలోనూ చూశాను. హోటల్లో అది రంగు గౌన్ల ఆట. ఊళ్లో ఒక ముసలాయన డప్పు మీద చెయ్యి వేసి పాడుతుంటే మాకు మాట అర్థం కాకపోయినా ఎవరూ కదల్లేదు. లె మోర్న్ అనే కొండ ఉంది, తోటల నుంచి పారిపోయిన బానిసలు దాక్కున్న చోటు. దాన్ని కూడా తప్పకుండా చూడండి. ఘాట్ చూసి లె మోర్న్ చూడకుండా వస్తే సగం కథే విన్నట్టు.

ఇక ముదురు మస్కొవాడో. దాదాపు నలుపు. జిగురు. మడ్డి వాసన గాఢంగా, చివర్లో అతిమధురం నమిలినట్టు చిన్న చేదు. అరిసెలకి వేయకండి. నేను ఒక వాయి వేశాను, నూనె నల్లబడింది, చేదు పైకొచ్చింది. పరమాన్నంలో పొయ్యి మీద ఉండగా వేస్తే పాలు విరిగాయి. దించి చల్లారాక కలిపితే సరిపోయింది, కానీ రంగు చూసి మా ఆయన గిన్నె దగ్గరికి తీసుకోలేదు.

కానీ అల్లం పచ్చడికి! చింతపండు, అల్లం, ఎండుమిర్చితో నూరేటప్పుడు బెల్లం బదులు ఇది వేశాను. ఆ చేదు అల్లం ఘాటుని పట్టుకుని లోతుకి తీసుకెళ్లింది. పెసరట్టులోకి మా ఇంట్లో రెండు రోజుల్లో సీసా ఖాళీ. ఉల్లిపాయ పులుసులో చెంచాడు వేసినా అంతే. అరవై ఏళ్ల దగ్గర పడుతున్నాను, నా అల్లం పచ్చడి ఇంతకన్నా బాగా ఎప్పుడూ కుదరలేదు. ఒక ప్యాకెట్ బెల్లం ఆవకాయ కోసం దాచాను. మామూలు బెల్లంలో పావు వంతు కలిపి చూస్తాను.

నిల్వ గురించి జాగ్రత్త. మన బెల్లం వానాకాలంలో చెమరుస్తుంది. ఇది దానికి ఎదురు, తడి ఆరిపోతే రాయైపోతుంది. నేను కొన్న ఆరింటిలో ఒకటి అతుకు సరిగ్గా లేక, విప్పేసరికే గడ్డ కట్టి ఉంది. కొనేటప్పుడు ప్యాకెట్ నొక్కి చూడండి. గడ్డ కడితే డబ్బాలో బ్రెడ్ ముక్క ఒకటి వేసి రాత్రంతా మూతపెట్టండి, పొద్దున్నకి విడిపోతుంది.

‘ఆరోగ్యకరం’ అన్న మాట నమ్మి కొనకండి. పంచదార పంచదారే, షుగర్ ఉన్నవాళ్లకి ఏ రంగైనా ఒకటే. తెల్లగా కనబడాలని హైడ్రోస్ అనే రసాయనం కొట్టిన బెల్లం మన మార్కెట్లో వస్తోంది, అది కొనేకన్నా ఈ లేత మస్కొవాడో నయం. హైడ్రోస్ వేయని ముదురు రంగు దిమ్మ దొరికితే మాత్రం పిండివంటలకి దాన్ని మించింది లేదు. మూడు రెట్లు డబ్బు పెట్టక్కర్లేదు. మార్కులు అడిగితే అయిదుకి డెమరారాకి రెండు, లేతదానికి మూడున్నర, ముదురుదానికి పచ్చళ్ల వరకు అయిదు.

మా అబ్బాయి మళ్లీ ఏప్రిల్‌లో వస్తున్నాడు. ముదురు మస్కొవాడో నాలుగు ప్యాకెట్లు తెమ్మన్నాను. తిరిగి వెళ్లేటప్పుడు వాడి సంచిలో పెట్టడానికి అనకాపల్లి దిమ్మ ఒకటి చెప్పి ఉంచాను, రెండు కేజీలది. అక్కడ మాకు భోజనం పెట్టిన ఆవిడ అమ్మోరికి పానకం చేస్తానన్నారు.